నలభై నాలుగో పొర

నమోదు 1

ముందుగా ఒక రీడింగు. భయం: ఓ మోస్తరు.

డ్యూటీ చిట్టాలో ఉద్యోగి తన సొంత గోడు రాయకూడదని రూలుంది. కానీ ఈ విభాగంలో ఉన్న పరికరాలన్నిటిలో ప్రస్తుతం ఆలస్యం లేకుండా పనిచేస్తున్నది నా గుండె ఒక్కటే. దాని రీడింగు కూడా నమోదు చేయడం నా వృత్తి ధర్మంగా భావిస్తున్నాను.

రాస్తున్నవాడు లోవరాజు, బి.టెక్., కంప్యూటరు తెరల మరమ్మతు విభాగం, కొత్త ఉప్పాడ. చదివేవాళ్ళు నేల మీది మనుషులైతే మా ఊరి కోసం పటంలో వెతకొద్దు. పాత ఉప్పాడను సముద్రం ఏటా కాస్త కాస్త కొరుక్కు తింటుంటే మా తాతలకు రోషం వచ్చి, సముద్రం కిందికే వచ్చి కాపురం పెట్టారు. దొంగ మాటిమాటికీ వస్తున్నాడని వాడింటికే మకాం మార్చినట్టు.

ఇక విషయం. ఈ ఉదయం తూర్పు తడిగది తలుపు తీయడానికి బటన్ నొక్కాను. నొక్కి, టీ పెట్టుకున్నాను. మరిగింది. వడకట్టుకుని తాగాను. గ్లాసు కడిగి బోర్లించాను. అప్పుడు తెరుచుకుంది తలుపు.

తడిగది అంటే సముద్రానికీ ఊరికీ మధ్య ఉన్న గడప. పీతల బుట్టలు చూసొచ్చే మునకవాళ్ళు బయటి తలుపు చేత్తో తీసుకుని అందులోకి వస్తారు. పంపు నీళ్ళు తోడేస్తుంది. లోపలున్నవాళ్ళు గంట నొక్కితే మా తెర మీద దీపం వెలుగుతుంది, ఊరివైపు తలుపు తెరిచేదాకా అది ఆరదు. ఆ తలుపు మాత్రం మేమే తీయాలి, తెర మీద బటన్ నొక్కి. దానికి చేతిపిడి లేదు. ఇక నీళ్ళు పోయాక బయటి తలుపు మళ్ళీ తెరుచుకోదు, సముద్రం దానికి భుజం ఆనించి నిలబడుతుంది. అంటే లోపలున్న మనిషికి మిగిలిన దారి నా వేలు. అప్పుడప్పుడూ దాన్ని గౌరవంగా చూసుకుంటూ ఉంటాను.

ఇవాళ లోపలున్నది మరిడేశ్వరి, మా మేనత్త కూతురు. వరసకు మరదలు, తీరుకు మేస్త్రీ. నీళ్ళోడుతూ బయటికొచ్చి, బోర్లించిన గ్లాసు వైపు చూసింది.

"పంచదార సరిపోయిందా బావా?"

తర్వాత జుట్టు పిండుకుంటూ, బటన్‌కీ తలుపుకీ మధ్య అంతమంది పెద్దలకు ఏం పనని అడిగింది. పేజీని చూపించే బ్రౌజరుకి సొంతంగా చేతుల్లేవా అంది. నేను పట్టభద్రుణ్ణి కాబట్టి నవ్వి ఊరుకున్నాను. నవ్వి ఊరుకోవడం మాకు రెండు సెమిస్టర్ల పాఠం.

నమోదు 2

మరిడి ప్రశ్నకు జవాబు ఇక్కడ రాస్తాను. చిట్టా ఎదురు చెప్పదు.

మా తెరల మీది ప్రతి పేజీ 'అల్లిక' అనే ఫ్రేమ్‌వర్క్ మీద, అంటే ముందే కట్టిపెట్టిన కోడ్ చట్రం మీద నడుస్తుంది. అల్లిక అసలు తలుపుకు ఒక నీడ తలుపును తన దగ్గర పెట్టుకుంటుంది. మనం బటన్ నొక్కగానే ముందు నీడలో మార్పు చేసుకుని, ఆ తర్వాత నీడకూ నిజానికీ పొత్తు కుదురుస్తుంది. కాలేజీలో నాకు నేర్పింది అల్లికే. అల్లిక కింద ఏముందని అడిగితే, అది సిలబస్‌లో లేదన్నారు.

అల్లిక మీద పొరలుంటాయి. ఇది మా ఊరి ఆచారం. తెరల పని చేసిన మనిషి పోతే, అతను రాసిన కోడ్‌లోంచి ఒక ముక్క తీసి అతని పేరుతో అల్లికలో కలుపుతాం. ఆ రోజు నుంచి ఏ తెర తెరిచినా ముందు పెద్దలందరూ వరసగా లేచి, తర్వాతే పేజీ లేస్తుంది. నేల మీద ఫొటోకి దండ వేస్తారు. మేం పొర వేస్తాం.

రెండు నెలల కిందట నలభై నాలుగో పొర కలిపాం. అది వీరేశుది. వీరేశు నాకు సీనియరు, ఇప్పుడు నేను కూర్చున్న కుర్చీ ఆయనదే. అంతకుముందు వచ్చిన తుఫానులో బయట గోడకున్న మీటర్లు సరిచేసి వస్తానని వెళ్ళాడు, రాలేదు. మునకవాళ్ళు చాలా రోజులు వెతికారు. ఏమీ దొరకలేదు. మా విభాగం పెద్ద ధనకొండ గారు ఆయన తండ్రి. ఊరందరికీ పెదనాన్న. ఆయన కొడుకు పేరు చదువుతుంటే పొర కలిపే మీట నొక్కింది నేనే.

వీరేశు పొర చేసే పనల్లా ఒక్కటే. తెర మీది అక్షరాలను నాచులా మెల్లగా ఊపుతుంది. చాలా అందంగా ఉంటుంది. పేజీ దాని తర్వాతే ఇంత మందగించింది. కానీ చనిపోయినవాడి అందం మీద ఫిర్యాదు రాసే ధైర్యం నా చేతికి లేదు.

నమోదు 3

పందెం ఓడాను. గెలిచాను కూడా. వివరం.

అల్లిక లేకుండా, ఒక్క పొర కూడా లేకుండా, బ్రౌజరుకి పుట్టుకతో వచ్చిన విద్యలతోనే ఒక పేజీ రాసి పని చేయించమని మరిడి పందెం వేసింది. పని చేస్తే తన పెసరట్టు నాకు, చేయకపోతే నాది తనకు. క్యాంటీన్ కిటికీ షట్టరు మీద ప్రయత్నించాను. ఒక శీర్షిక, ఒక వాక్యం, ఒక బటన్. రాయడానికి పట్టిన సమయం కంటే, ఇంతేనా అని అనుమానపడడానికి పట్టిన సమయం ఎక్కువ.

నొక్కాను. వేలు తీయకముందే షట్టరు లేచింది.

అంత వేగం మా ఊళ్ళో ఎవరూ చూడలేదు. ఒక ముసలమ్మ దండం పెట్టింది, నాకా షట్టరుకా తెలియలేదు. మరిడి మాత్రం గెలిచింది ఉత్త పేజీ అని, దానికి పెసరట్టు తినే నోరు లేదని రెండూ తానే తిన్నది. అలా ఓడాను.

పేజీ కింద ఊరికే, అలంకారానికి, క్యాంటీన్ గాలి రీడింగు కూడా పెట్టాను. అందులో 'గాలి: మందం' అని వచ్చింది. పక్కనే గోడకున్న పెద్ద తెర మీద, నాచులా ఊగుతూ, 'గాలి: బాగుంది' అని ఉంది.

ఒకే గది. ఒకే మీటరు.

అప్పుడు గుర్తొచ్చింది, ఈ వారమంతా క్యాంటీన్‌లో కూర్చున్నవాళ్ళందరికీ తలనొప్పి. నాచు పచ్చడి పడలేదనుకున్నాం. ఫ్యాన్ల దగ్గర వాళ్ళను బతిమాలి క్యాంటీన్ ఫ్యాను పెంచమన్నాను. సాయంత్రానికి తలనొప్పులు పోయాయి. పచ్చడి అదే.

భయం: మోస్తరు దాటింది.

నమోదు 4

ధనకొండ పెదనాన్న పిలిపించారు. చివాట్లు నిలబడి తిన్నాను, కూర్చోమనలేదు.

ఆయన కేకలు వేయరు. గొంతు తగ్గిస్తారు, అదే మాకు దడ. ఊరు కట్టిన మొదటి ఏడాది తెరల మీద ఉత్త బటన్లే ఉండేవట. ఒకాయన నిద్రమత్తులో మోచెయ్యి ఆనించాడు. బయటి తలుపు మూయకుండానే లోపలి తలుపు తెరుచుకుంది. ఒక వీధి వీధంతా పోయింది. మొదటి పొర ఆ తర్వాతే పుట్టింది. ఏ తలుపు బటన్ నొక్కినా 'నిజంగానా?' అని ఒకసారి అడిగే పొర. అది ఎంతమంది ప్రాణాలు కాపాడిందో లెక్క కట్టలేమన్నారు. ఆయన చెప్పింది నిజమే. ఆ 'నిజంగానా' దగ్గర నా వేలు కూడా రెండుమూడుసార్లు వెనక్కి వచ్చింది.

"పెద్దోళ్ళు ఊరికే కూచోలేదురా అందులో," అన్నారు. "ఒక్కొక్కళ్ళు ఒక్కో గండం కాత్తన్నారు. నీ ఉత్త పేజీ అనాథ. దానికి ముందూ ఎనకా ఎవరూ లేరు. అది గాలి మందం అంటే నమ్మేత్తావా?"

తలనొప్పులు తగ్గాయని నసిగాను. పచ్చడి మానేసి ఉంటారన్నారు.

నమోదు 5

ఇవాళ పొద్దున్నుంచీ ఒక తెర ముందు కూర్చుని, మీటరుకున్న గొట్టంలోకి నోటితో గాలి ఊదుతున్నాను. బి.టెక్. చదివినందుకు దక్కిన గౌరవం. ఎంత ఊదినా తెర మీద 'బాగుంది' మారలేదు. ఉత్త పేజీలో మాత్రం ఊదగానే 'మందం' అని వస్తోంది, ఆపగానే తేరుకుంటోంది.

పొరలన్నీ విప్పి చదివాను. పదకొండోది తాతారావు గారిది. ఆయన్ని నేను చూడలేదు. కోడ్ పైన ఆయనే రాసుకున్న రెండు వాక్యాలు ఉన్నాయి. 'మీటరు జవాబు రావడం ఆలస్యమైతే, చివరిసారి వచ్చిన మంచి జవాబునే చూపించాలి. ఖాళీ తెర చూసి పిల్లలు జడుసుకుంటున్నారు.'

ఎంత మంచి మనిషి. ఆయన కాలంలో ఆలస్యమంటే ఒక కనురెప్ప పాటు. ఆ కాస్తసేపు పాత జవాబు కనిపిస్తే నష్టం లేదు. ఇప్పుడు ఆలస్యమంటే టీ కాచి, తాగి, గ్లాసు కడగడం. నిజమైన జవాబు వచ్చేసరికి అల్లిక దానికోసం ఎదురుచూడడం మానేస్తోంది. అంటే ఊళ్ళో ప్రతి గోడ మీదా, ప్రతి తలుపు పక్కనా మేం చూస్తున్నది ఎప్పటివో మంచి కబుర్లు. ఎప్పటివో నాకు తెలియదు.

పెదనాన్న దగ్గరికి పరుగెత్తాను. ఈసారి కూర్చోమన్నారు. అంతా విన్నారు. తాతారావు గారి పొర ఒక్కటి తీసేస్తే చాలా అని అడిగారు. చాలదని చెప్పాల్సి వచ్చింది. పన్నెండోది పదకొండు మీద ఆనుకుంది, పదమూడు పన్నెండు మీద. ఒక్కటి లాగితే పైవన్నీ జారిపోతాయి, చివరిదాకా.

చివరిది ఎవరిదో ఆయనకు చెప్పనక్కర్లేదు. చాలాసేపు తెర మీద ఊగుతున్న అక్షరాల్నే చూశారు.

"ఒక్కసారి పోగొట్టుకున్నాను కదరా లోవా. మళ్ళీ పోగొట్టుకోమంటావా?"

పొరల జోలికి పోకుండా లేచి వచ్చేశాను.

మరిడిని కొన్నాళ్ళు బయటికి వెళ్ళొద్దన్నాను. పీతలకు ఆ మాట నువ్వే చెప్పు బావా అంది.

నమోదు 6

నిబంధన ప్రకారం, తడిగది తలుపు తెరిచేముందు చిట్టాలో రాయాలి. తెరిచాక రాస్తున్నాను. వేయదలిచిన శిక్ష వేయండి.

మధ్యాహ్నం తూర్పు గంట దీపం వెలిగింది. బటన్ నొక్కాను. 'నిజంగానా?' అని అడిగింది. నిజంగానే అన్నాను. టీ పెట్టుకోలేదు, తలుపు ముందే నిలబడ్డాను. కాసేపటికి తెర మీద అక్షరాలు ఊగుతూ పైకి తేలాయి.

'తలుపు తెరుచుకుంది. మరిడేశ్వరి గారికి స్వాగతం.'

తలుపు మూసే ఉంది.

నా కళ్ళను నేను నమ్మలేదు, చేత్తో తడిమాను. చల్లటి ఇనుము. అవతల నుంచి టక్, టక్ అని చప్పుడు. మరిడి పీతల కత్తి పిడితో కొడుతోంది. మళ్ళీ బటన్ నొక్కుదామని తెర వైపు తిరిగితే, 'తెరువు' అన్న బటన్ లేదు. తలుపు తెరిచే ఉందని అల్లిక నమ్మింది కాబట్టి ఆ చోట 'మూయి' అన్న బటన్ పెట్టింది. గంట దీపాన్ని కూడా ఆర్పేసింది, పంపును మధ్యలోనే ఆపేసింది. దాని దృష్టిలో మరిడి ఊళ్ళోకి వచ్చేసింది, ఈపాటికి క్యాంటీన్‌లో ఉంది.

పేజీ మూసి మళ్ళీ తెరిచాను. పెద్దలు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. ఒకటో పొర. రెండో పొర. తడిగదిలో గాలి ఒక మనిషికి కొంతసేపే. మూడో పొర. నాకు ఏడుపొచ్చింది.

క్యాంటీన్ కిటికీ కోసం రాసిన ఉత్త పేజీ తీశాను. షట్టరు పేరున్న చోట తూర్పు తడిగది పేరు పెడితే చాలు, ఆ గది మీటర్లు చెప్పేవన్నీ వాటంతటవే వస్తాయి. ఆ ఒక్క పేరు మూడుసార్లు తప్పు కొట్టాను. పేజీ లేచేసరికి ధనకొండ పెదనాన్న నా వెనక ఉన్నారు. ఎవరు పిలిచారో తెలియదు. ఆయన తెర వైపు చూడలేదు. తలుపుకు చెవి ఆనించి విన్నారు. తర్వాత ఉత్త పేజీ ముందుకు వచ్చారు.

దాని మీద నాలుగే సంగతులున్నాయి. బయటి తలుపు: మూసి ఉంది. నీళ్ళు: మోకాలి లోతు. గంట: నొక్కి ఉంది. కింద ఒక బటన్, బూడిదరంగుది, పుట్టినప్పటి ముఖంతో.

దాని మీద వేలు పెట్టాను. నొక్కలేకపోయాను. ఆ మొదటి ఏడాది వీధి గుర్తొచ్చింది. ఈ అనాథ పేజీ చెప్పింది అబద్ధమైతే, బయటి తలుపు నిజంగా తెరిచి ఉంటే, సముద్రం మా ముగ్గురినీ తీసుకుని ఊళ్ళోకి వెళ్తుంది. ఇది నన్నేమీ అడగదు. నొక్కితే తెరిచేస్తుంది.

అవతల చప్పుడు మధ్య ఎడం పెరుగుతోంది. టక్. చాలాసేపటికి, టక్.

పెదనాన్న నా భుజం మీద చెయ్యి వేశారు.

"నిజంగానా?" అని అడిగారు.

ఆ పొర చేసే పని ఆయన చేశారు. నేను మరోసారి చదివాను, పైకి, ఒక్కో మాటా. బయటి తలుపు మూసి ఉంది. నీళ్ళు మోకాలి లోతు.

"నిజంగానే పెదనాన్నా."

నొక్కాను. మోకాలి లోతు నీళ్ళు మా కాళ్ళ మీదికి దూకాయి, వాటితోపాటు మరిడి. పెదవులు నీలంగా ఉన్నాయి. నేల మీద పడి దగ్గి, దగ్గి, ఊపిరి అందాక నా ముఖం వైపు చూసింది.

"ఈసారి టీ... తాగలేదా బావా?"

నవ్వుదామనుకున్నాను. ఆ నీళ్ళలోనే దాని పక్కన కూర్చుని వీపు రుద్దాను.

నమోదు 7

ఇది తెరిచేముందే రాస్తున్నాను. నిబంధన ప్రకారం.

మరిడికి దుప్పటి కప్పి, వేడి గంజి తాగించాక, పెదనాన్న తనంతట తానే ఒక మాట అన్నారు. మిగతా తడిగదులకు కూడా ఈ ఉత్త పేజీ పెట్టి చూడమని. పొరల సంగతి తర్వాత చూద్దాం, ముందు నిజం ఏమిటో చూద్దామన్నారు. మొండిమనిషి నోట ఆ మాట రావడం నాకు పెద్ద విజయంలా అనిపించింది. ఈల వేసుకుంటూ రాశాను కూడా. ఉత్తరం తడిగది: ఖాళీ. దక్షిణం: ఖాళీ. రెండు చోట్లా అల్లిక కూడా అదే చెప్పింది. చూశారా, మరీ అంత అబద్ధాలకోరు కాదని నేనే అల్లికను వెనకేసుకొచ్చాను.

తర్వాత పడమర.

పడమర వైపుకి ఎవరూ వెళ్ళరు. తుఫాను రోజు ఆ వీధి ఖాళీ చేయించి, జనాన్ని తూర్పుకు తెచ్చి, వీధి మొదట్లోనే అడ్డు తలుపు వేశారు. పీతల బుట్టలు కూడా తూర్పుకే మార్చారు. ఆ రోజు ఊరంతా ఒక్కసారిగా తెరల మీద పడింది, ఎవరు ఎక్కడున్నారో చూసుకోవడానికి. పేజీలు ఎంత మందగించి ఉంటాయో ఇప్పుడు ఊహించగలను. వీరేశు కోసం మేం మొదట చూసింది కూడా తెరలే. నాలుగు తడిగదులూ ఖాళీ అని చూపించాయి, ఒక్క గంట దీపమూ వెలగలేదు. అందుకే బయట, సముద్రంలో వెతికాం.

అల్లిక పేజీ ఇప్పటికీ అదే చెబుతోంది. 'పడమర తడిగది: ఖాళీ.' అక్షరాలు మెల్లగా ఊగుతున్నాయి.

ఉత్త పేజీలో ఊగేది ఏమీ లేదు.

బయటి తలుపు: మూసి ఉంది. నీళ్ళు: లేవు. గంట: నొక్కి ఉంది.

మేం ముగ్గురం చదివాం. ఎవరం పైకి చదవలేదు. మీటరు పాడైందేమో అన్నాను. మరిడి దుప్పటి కిందపడేసి లేచి నిలబడింది. ఆ గదిలో గాలి ఎంతసేపు వస్తుందో మా ముగ్గురిలో అందరికంటే దానికే తెలుసు. ఇవాళే తెలిసింది.

అడ్డు తలుపు తీసి, ముగ్గురం పడమర వీధిలోకి వచ్చాం. ఇప్పుడు ఆ తలుపు ముందే ఉన్నాం. తలుపు లోపలి నుంచి ఏ చప్పుడూ లేదు. ఇక్కడి తెర మీద ఉత్త పేజీ పెట్టాను. పెదనాన్న నన్ను కుర్చీలోంచి లేవమన్నారు, తాను కూర్చున్నారు. అది వీరేశు కూర్చునే రకం కుర్చీ, ఒకవైపు వాలి ఉంటుంది. ఆయన వేలు బటన్ మీద ఉంది. ఈ పేజీ ఏమీ అడగదు. అడగాల్సింది నేను. ఇందాక నా భుజం మీద చెయ్యి వేసి ఆయన అడిగినట్టు ఇప్పుడు నేను అడగాలి. నోరు రావడం లేదు.

భయం: ఈ గడిలో రాయడానికి మాట లేదు.

"రాసేశావా లోవా?" అని అడిగారు పెదనాన్న, తల తిప్పకుండా.

రాస్తున్నానన్నాను.

"నెమ్మదిగా రాయి," అన్నారు.

రాస్తున్నాను.